చిన్న ఊళ్ల విమానాశ్రయాలు - మహమ్మారి తరువాత

విమానమన్న మాట వినగానే మన శ్రీరాంపూరు విద్యార్థి తలయెత్తి ఆకాశంవైపు చూస్తాడే గాని, అది తన ఊరి దాపున నేలమీద దిగవలసిన వాహనమని తలపోయడు. అందులో ఆశ్చర్యమేమీ లేదు. బొగ్గుగనుల ఊరిలో పుట్టినవాని చూపు సహజంగా నేలవైపే ఉంటుంది, ఇంకా చెప్పవలెనంటే నేల లోపలివైపే ఉంటుంది. షిఫ్టు కూత విని నిద్రలేచి, షిఫ్టు బస్సు చప్పుడుతో పొద్దు లెక్కించే కుటుంబాలు మనవి. అయినా ఈ రెండు మూడేండ్లుగా మన పత్రికల జిల్లా పుటలలో విమానాశ్రయాల ముచ్చట తరచుగా కనబడుతున్నది. 2025 ఫిబ్రవరిలో వరంగల్లు దగ్గరి మామునూరుకు కేంద్రప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే ఆదిలాబాదులోని వైమానిక దళపు మైదానాన్ని పౌరవిమానాలకు కూడా వాడుకోవచ్చునని వార్త వచ్చింది. మనకు దగ్గరిదైన బసంత్‌నగర్ చుట్టూ గుట్టలు ఆటంకమన్న మాట పుట్టి, దానికి బదులుగా గోదావరి ఆవలి ఒడ్డున, మంచిర్యాలకు ఎదురుగా ఉన్న అంతర్గాం పేరు వినవచ్చింది.

ఈ వార్తలు చదివిన మా బి.ఏ. విద్యార్థి ఒకడు తరగతి ముగిసిన తరువాత నా బల్ల దగ్గరకు వచ్చి, "సార్, గోదావరి అవతల ఎయిర్‌పోర్టు వస్తే మనకు ఫాయిదా ఉంటదా? నౌకరీలు వస్తయా?" అని అడిగినాడు. నేను చెప్పేది ప్రబంధ సాహిత్యం. వాడు అడిగినది అర్థశాస్త్రం. తెలుగు పంతులుకు విమానాశ్రయాలతో పనేమని తప్పించుకొనవచ్చును. కాని వాని ప్రశ్న నన్ను వదలలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెదుకుతూ చదివినవీ, విన్నవీ, మా ఇంట్లో జరిగినవీ కలిపి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఒక పాత ముచ్చట. మన ప్రాంతానికి విమానం కొత్త కాదు. బసంత్‌నగర్ సిమెంటు కర్మాగారం పక్కన ఉన్న రన్‌వే మా తండ్రుల కాలం నాటిది. 1981లో కేంద్రప్రభుత్వం చిన్న పట్టణాల కొరకు 'వాయుదూత్' అనే సంస్థను ఏర్పాటు చేసింది. దాని చిన్న విమానాలు ఎనభైల దశకంలో రామగుండం పేరుమీద అక్కడ దిగేవని పెద్దలు చెప్పుకుంటారు. ఆర్కే గనిలో పనిచేసిన మా దాదా, ఆ విమానం ఎక్కినవాడు కాకపోయినా, దానిని గురించి ఎక్కినవానికంటె ఎక్కువగా చెప్పేవాడు. "పెద్ద ఆఫీసర్లు దిగుతుండిరి. మాకు దాని నీడ దక్కింది" అనేవాడు. ఆ వాయుదూత్ పదేండ్లు గడిచేసరికి నష్టాలలో మునిగిపోయింది. తొంభైలలో దానిని ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపివేసినారు. బసంత్‌నగర్‌లో రన్‌వే మిగిలింది, విమానం పోయింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన విషయమంతా ఒక విధంగా ఆ రన్‌వేపైనే ఉన్నది. మహమ్మారి వచ్చి కొత్తగా నేర్పిన పాఠమనుకునేదానిని వాయుదూత్ ముప్పై ఏండ్ల కిందటనే నేర్పి పోయింది.

ఇక 2020 సంవత్సరానికి వద్దాము. ఆ మార్చి 25 నుండి దేశంలో ప్రయాణికుల విమానాలన్నీ ఆగిపోయినవి. సరిగా రెండు నెలల తరువాత, మే 25న, దేశీయ విమానాలు కొద్దికొద్దిగా కదిలినవి. అంతకుముందు 2019లో మన దేశం లోపల విమానాలలో ప్రయాణించినవారు సుమారు 14.4 కోట్లు. 2020లో ఆ సంఖ్య 6.3 కోట్లకు పడిపోయింది. శంషాబాదు విమానాశ్రయం సంగతి చూడండి. 2019-20లో రెండు కోట్లు దాటిన ప్రయాణికులు, మరుసటి సంవత్సరం సుమారు 80 లక్షలకు తగ్గినారు. వరుసగా నిలిపి ఉంచిన విమానాలను దూరదర్శనిలో చూసినప్పుడు, సమ్మె నాటి డిపోలో నిలిచిన బస్సులు గుర్తుకు వచ్చినవి.

అంకెలలో తగ్గుదల అని రాస్తాము. ఇండ్లలో దానికి వేరే పేర్లుంటవి. మా మామూ, అనగా మా అమ్మీ తమ్ముడు, కువైటులో సెంట్రింగు పని చేసేవాడు. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, నిజామాబాదు దిక్కు గల్ఫ్‌కు పోయిన మనిషి లేని ఊరు వెదికినా దొరకదు గదా. 2020 రంజాను మాసంలో మా నానీ కన్నుమూసింది. కొడుకు రావలెనంటే శంషాబాదుకే విమానం లేదు. విదేశాలలో చిక్కుకున్నవారి కొరకు ప్రభుత్వం 'వందే భారత్' పేరుతో విమానాలు మొదలుపెట్టినది మే 7న. కువైటు నుండి హైదరాబాదుకు మొదటి విమానం వచ్చినది మే 9న. కాని అందులో చోటు దొరకవలెనంటే రాయబార కార్యాలయంలో పేరు నమోదు కావలెను, వంతు రావలెను. మామూ వంతు జూన్‌లో వచ్చింది. నానీ జనాజాను వాడు ఫోనులో చూసినాడు. ఫోను పట్టుకున్నవాడిని నేనే. చేయి వణకడం వలన వానికి సగం ఆకాశమే కనబడిందని తరువాత చెప్పినాడు.

ఈ సంగతి ఇక్కడ ఎందుకు రాసినానంటే, మన ప్రాంతానికి విమానాశ్రయం కావలెనని వాదించేవారు తరచుగా గల్ఫ్ కార్మికుల కన్నీళ్లను ముందు పెడతారు. వారి ఉద్దేశం మంచిదే. కాని ఆ రంజానులో అంతర్గాంలో బంగారు రన్‌వే ఉన్నా మామూ వచ్చేవాడు కాడు. విదేశం నుండి వచ్చే విమానం దిగవలెనంటే ఇమిగ్రేషను, కస్టమ్సు, పెద్ద విమానం ఆగే చోటు అన్నీ కావలెను. చిన్న ఊళ్లకు మొదట దక్కేది డెబ్బయి సీట్ల ఏటీఆర్ విమానం, అదీ దేశం లోపలే. మనకు విమానాశ్రయం కావలెనా వద్దా అన్న విచారణ కన్నీళ్ల మీద కాక వేరే లెక్క మీద జరగవలెను.

ఆ లెక్క ఏమిటి? మహమ్మారి తరువాత విమానయానం కోలుకున్నదన్న మాట నిజమే. 2023లో దేశీయ ప్రయాణికులు 15 కోట్లు దాటినారు, అంటే 2019ని మించినారు. శంషాబాదు 2022-23లోనే పాత సంఖ్యకు ఇంచుమించుగా చేరుకొని, 2023-24లో రెండున్నర కోట్ల వరకు పోయింది. అయితే పెద్ద చెరువు నిండినంత మాత్రాన చివరి మడికి నీరు అందినట్లు కాదని మన రైతులకు తెలుసు. చిన్న విమానాశ్రయాల కథ వేరుగా నడిచింది.

దీనికి కారణం అర్థం చేసుకోవడానికి మన ఆర్టీసీ చాలును. పల్లెవెలుగు బస్సు నడిచేది పల్లెనుండి వచ్చే చార్జీలతో మాత్రమే కాదు. ఎక్స్‌ప్రెస్సులో, సూపర్ లగ్జరీలో వచ్చిన రాబడి దానిని మోస్తుంది. 2016లో ప్రకటించిన 'ఉడాన్' పథకం ఆకాశంలో పల్లెవెలుగు వంటిదే. పెద్ద మార్గాలలో నడిచే విమానాలపై కొంత సుంకం వసూలు చేసి, ఆ సొమ్ముతో చిన్న ఊళ్లకు నడిచే విమానాల నష్టాన్ని భర్తీ చేస్తారు. రాష్ట్రప్రభుత్వం కూడా అందులో కొంత వాటా భరిస్తుంది. గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలకే కొన్ని సీట్లు ఇవ్వవలెనన్నది 2016 నాటి నియమం. ఈ భర్తీ మూడు సంవత్సరాల వరకే. ఆ తరువాత మార్గం తన కాళ్లమీద తాను నిలబడవలెను.

ఆ మూడేండ్ల నడుమనే మహమ్మారి వచ్చి పడింది. పెద్ద మార్గాలలో విమానాలు లేనప్పుడు సుంకం ఎక్కడిది? ఇంకొక చిక్కు కూడా ఉన్నది. విమానాశ్రయంలో అగ్నిమాపక శకటం, భద్రతా సిబ్బంది, వాతావరణ పరిశీలన, రన్‌వే మరమ్మతు వంటి ఖర్చులు రోజుకు ఒక్క విమానం వచ్చినా తప్పవు, ఇరవై వచ్చినా తప్పవు. విమానం మాత్రం రెక్కలున్న వస్తువు. ఇక్కడ సీట్లు నిండకపోతే రాత్రికి రాత్రి ఇంకొక ఊరికి పోగలదు. విమానాశ్రయం ఎక్కడికీ పోలేదు.

మన పొరుగున ఉన్న మూడు నాలుగు ఊళ్లను చూస్తే ఈ మాట స్పష్టమవుతుంది. ఉడాన్ పథకం కింద మొదటి విమానాలు లేచినది 2017 ఏప్రిల్ 27న. ఆ రోజు ప్రధానమంత్రి సిమ్లానుండి ప్రారంభించిన మార్గాలలో రెండు మనవే, కడప-హైదరాబాదు, నాందేడు-హైదరాబాదు. ఆ రెండింటిని నడిపినది హైదరాబాదు కేంద్రంగా 2015లో పుట్టిన ట్రూజెట్ సంస్థ. తెలుగువారి సంస్థ, చిన్న ఊళ్ల పేర్లు టిక్కెట్టుపై అచ్చువేసిన సంస్థ. మహమ్మారి దెబ్బకు అది తేరుకోలేకపోయింది. 2022 ఫిబ్రవరిలో దాని విమానాలు నిలిచిపోయినవి. దానితో పాటు అది తప్ప వేరే దిక్కులేని ఊళ్ల ఆకాశం కూడా ఖాళీ అయింది.

బీదరు సంగతి మరీ జాలిగొలిపేది. ఒకనాడు హైదరాబాదు సంస్థానంలో మనతో కలిసి ఉన్న ఊరు అది. అక్కడ పౌరవిమానం మొదలైనది 2020 ఫిబ్రవరి 7న. ఏడు వారాలు తిరగకముందే దేశమంతా మూతపడింది. కొత్తగా కాపురం పెట్టిన ఇంటికి మొదటి వారంలోనే దొంగలు పడినట్లయింది. ఆ తరువాత సేవలు మొదలుకావడం, ఆగడం, 2022లో స్టార్ ఎయిర్ రావడం, 2023 చివర అదీ ఆగడం, మళ్లీ 2025 ఏప్రిల్‌లో మొదలుకావడం జరిగింది. ఊరివారు విమానం కొరకు ఎదురుచూడడం మానలేదు. విమానం వారికొరకు ఎదురుచూడలేకపోయింది.

నాందేడు మనకు ఇంకా దగ్గర. భైంసా, బాసర దిక్కువారికి శంషాబాదు కంటె నాందేడే దాపు. అక్కడ తెలుగు మాట్లాడేవారూ తక్కువ కాదు. నాందేడు రన్‌వేను 2008లో గురుగ్రంథ సాహెబుకు గురుస్థానం లభించిన త్రిశతాబ్ది ఉత్సవాల సందర్భంగా పెద్దది చేసినారు. ట్రూజెట్ పోయిన తరువాత ఆ విమానాశ్రయం చాలాకాలం చిన్నబోయి ఉన్నది. 2024 మార్చి 31న స్టార్ ఎయిర్ అక్కడినుండి విమానాలు ప్రారంభించింది. ఎక్కడెక్కడికి? హైదరాబాదు, బెంగుళూరులతో పాటు ఢిల్లీ దాపున ఉన్న హిండన్‌కు, పంజాబులోని ఆదంపూర్‌కు. ఇక్కడ మనం ఒక క్షణం ఆగవలెను. హుజూర్ సాహెబు దర్శనానికి పంజాబునుండి వచ్చే సిక్కు యాత్రికుడికి రైలులో పట్టేది ఒకటిన్నర రోజు. విమానం అతనికి నిజంగా అక్కరకు వచ్చింది. నాందేడు తిరిగి లేచినది కట్టడం బాగుండడం వలన కాదు. దానికి దూరదేశంలో ఎదురుచూసే మనిషి ఒకడు ఉండడం వలన. కడపకు సయితం 2022 మార్చి చివర ఇంకొక సంస్థ విమానాలు వచ్చినవి.

కర్నూలు దగ్గరి ఓర్వకల్లును విడిచిపెట్టరాదు. మహమ్మారి రెండవ కెరటం లేస్తున్న రోజులలో, 2021 మార్చి 25న దానిని ప్రారంభించి, 28నుండి విమానాలు నడిపినారు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టినారు. అక్కడి మొదటి మార్గాలు బెంగుళూరు, చెన్నై, విశాఖపట్నం. హైదరాబాదు లేదు. నాకు ఇది తెలివైన పనిగా తోచింది. కర్నూలునుండి హైదరాబాదుకు మంచి రోడ్డు ఉన్నది, మూడున్నర నాలుగు గంటలలో చేరవచ్చును. అట్టి చోటికి విమానం ఎందుకు? 2025 జూలైలో విజయవాడ కూడా ఆ జాబితాలో చేరింది.

కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారు ఈ పథకంపై 2023లో పార్లమెంటుకు ఇచ్చిన నివేదికలోని అంకెలు చూస్తే గుండె కొంత బరువెక్కుతుంది. మూడవ విడత వరకు కేటాయించిన 774 మార్గాలలో మొదలైనవి 371. వానిలో మూడేండ్ల గడువు పూర్తి చేసినవి 112. గడువు తీరిన తరువాత కూడా, 2023 మార్చి నాటికి, నడుస్తున్నవి 54 మాత్రమే. ఇందులో మహమ్మారి పాలు ఎంతో కొంత ఉన్నది, కాదనను. కాని సగానికి పైగా మార్గాలు అసలు మొదలే కాలేదు గదా! వానిని మహమ్మారి ఖాతాలో వేయడం న్యాయం కాదు. తప్పిపోయిన విద్యార్థి పరీక్షనాడు వచ్చిన జ్వరాన్ని చూపినట్లుంటుంది. జ్వరం నిజమే, కాని పుస్తకం తెరవని దినాలూ నిజమే.

ఇప్పుడు మన సంగతి. అంతర్గాంలోనో, బసంత్‌నగర్‌లోనో విమానాశ్రయం కట్టి, రోజుకొక విమానం హైదరాబాదుకు నడిపినారనుకొందాము. శ్రీరాంపూరులో బయలుదేరినవాడు గోదావరి వంతెన దాటి అక్కడికి చేరుకొని, గంట ముందుగా కూర్చొని, ముప్పావుగంట ఎగిరి, శంషాబాదులో దిగి, పట్టణంలోకి మరొక గంట ప్రయాణం చేయవలెను. అదే మంచిర్యాలలో రైలెక్కితే సుమారు నాలుగు గంటలలో సికింద్రాబాదులో ఉంటాడు. 2024 సెప్టెంబరులో మొదలైన నాగపూర్-సికింద్రాబాదు వందే భారత్ రైలు రామగుండంలో ఆగుతుంది. విమానంతో మనకు మిగిలేది గంట కూడా కాదు, తగ్గేది జేబు. కాబట్టి హైదరాబాదుకు మాత్రమే పోయే విమానం మన గడ్డమీద మూడేండ్ల కంటె ఎక్కువ బ్రతకదని నా దృఢాభిప్రాయం. వాయుదూత్‌కు పట్టిన గతే దానికీ పడుతుంది.

మరి ఎక్కడికి పోవలెను? ఇక్కడ సీటులో కూర్చునేవారెవరో చూడవలెను. రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్టీపీసీ ఉన్నది. 2022 నవంబరులో జాతికి అంకితమైన ఎరువుల కర్మాగారం ఉన్నది. జైపూరులో సింగరేణివారి 1,200 మెగావాట్ల విద్యుత్కేంద్రం ఉన్నది. వీనికి ఢిల్లీనుండి, బొంబాయినుండి, కలకత్తానుండి ఇంజనీర్లు, కొనుగోలుదార్లు, తనిఖీ అధికారులు వస్తూ పోతూ ఉంటారు. వారు ఒక తరగతి. రెండవది మన గల్ఫ్ కార్మికులు. వీరిని హైదరాబాదుకు కాక బొంబాయికి చేర్చగలిగితే, అక్కడ గల్ఫ్ దేశాలన్నింటికి విమానాలు దొరుకుతవి. హజ్ యాత్రికుల సంగతి వేరు. 2020, 2021 సంవత్సరాలలో మన దేశంనుండి ఎవరికీ ఆ భాగ్యం లేదు. 2022లో సుమారు 79 వేలమందికి, 2023లో లక్షా డెబ్బయి అయిదు వేలమందికి అవకాశం వచ్చింది. కాని వారు నాంపల్లి హజ్ హౌస్‌నుండి బయలుదేరవలసినదే. సంవత్సరానికొక మారు వచ్చే గుంపుతో విమానాశ్రయం నడవదు. మూడవ తరగతి ఆసుపత్రికి పోయే రోగులు. వీరికి విమానం అవసరమే గాని, టిక్కెట్టు కొనే శక్తి వారిలో ఎందరికున్నది?

నౌకరీల మాట అడిగిన నా విద్యార్థికి నేను చెప్పిన జవాబు వానికి రుచించలేదు. చిన్న విమానాశ్రయంలో నేరుగా దొరికే ఉద్యోగాలు వేళ్లమీద లెక్కపెట్టదగినవి. సెక్యూరిటీ, సామాను మోసే పని, శుభ్రత, క్యాంటీను, బయట టాక్సీ. పైలట్లు, కంట్రోలర్లు వేరే ఊళ్లనుండి వస్తారు. మా దాదా చెప్పిన 'నీడ' ఇదే. "అయితే వద్దంటరా సార్?" అన్నాడు వాడు. వద్దనలేదు. గనులు ఒకటొకటిగా వయసు మీరుతున్న ఊరు మనది. బొగ్గు తరువాత ఏమన్న ప్రశ్న ప్రతి ఇంటి గడపలో నిలిచి ఉన్నది. ఒక కర్మాగారపు యజమాని ఈ నేలమీద పెట్టుబడి పెట్టవలెనంటే తాను ఉదయం వచ్చి సాయంత్రం పోగలనా అని చూస్తాడు. ఆ దారి మూసి ఉంచమనడం నా అభిమతం కాదు. దారి ఎటు తెరవవలెనో ముందుగా తెలుసుకొనవలెనన్నదే నా పట్టు. భూమి ఇచ్చే రైతు ఒక్కసారే ఇస్తాడు. విమానం పోయినంత సులభంగా ఆ భూమి తిరిగి రాదు. బసంత్‌నగర్‌ను చూసినవానికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు.

కాబట్టి కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వేసవి సెలవులలో మన విద్యార్థులు మంచిర్యాల రైలుస్టేషనులోను, బస్టాండులోను పదిహేను దినాలపాటు నిలబడి, దూరప్రయాణం చేసేవారిని నాలుగే నాలుగు ప్రశ్నలు అడగవలెను. ఎక్కడికి పోతున్నారు, ఎందుకు, ఏడాదికి ఎన్నిసార్లు, ఎంత ఖర్చు పెట్టగలరు. శంషాబాదుకు పోయే రాత్రి బస్సుల దగ్గర ప్రత్యేకంగా ఇద్దరిని ఉంచవలెను, ఏలనంటే గల్ఫ్‌కు పోయేవారు కనబడేది అక్కడనే. మామూ 2022లో తిరిగి కువైటుకు పోయినప్పుడు ఎక్కినదీ అట్టి బస్సే. ప్రశ్నల పట్టికను అర్థశాస్త్రశాఖవారు సిద్ధం చేస్తే, తెలుగులో నేను రాసిపెడతాను. ఉర్దూ శాఖలోని నా మిత్రులు ఉర్దూలో రాయడానికి ఇప్పటికే ఒప్పుకున్నారు. ఖర్చు కాగితాలకూ, పిల్లల చాయకూ మాత్రమే.